వాటికిప్పుడు పగలు

సముద్రం లేని ఊర్ల సముద్రం మీద సభ.
గేటు కాడ కట్టిన గుడ్డ మీద తిమింగలానికి
ఎండకు తోక దిక్కు రంగు వెలిసింది.
మూడో నంబర్ హాల్ల లైట్లు నా డ్యూటీ.
ఏసుడు, ఆర్పుడు,
మైకు గుయ్యిమంటే వైరు కదిలిచ్చుడు.

పగటి మాటలు నాకు సమజ్ కాలే.
తెర మీద గీతలు పాకుతుంటయి,
ముందల వరుసల ఎవరో కునుకుతుంటరు.
సాయంత్రం ఐదున్నర దాటినంక గని
మనుషులు మనుషులు కారు.
మెడల ట్యాగులు జేబుల దోపుకుంటరు,
చాయ్‌ల ఉస్మానియా బిస్కెట్ ఇరిగి మునిగితె
చెంచతోని దేవుతరు, నవ్వుతరు.

సోమవారం మాపటి క్లాసుల
చేప చెవుల ఉండే రాయిని చూపెట్టిండ్రు.
మినప్పప్పు బద్దంత.
అరగదీసి అద్దం కింద పెడితె
చెట్టుకున్నట్టు ఏడాదికో గీత.
నన్ను గూడ చూడమన్నది సుహాసిని మేడం.
ఏడు లెక్కపెట్టిన. తప్పంట, ఆరే.
నడుమ ఒకటి వయసు గీత కాదంట,
ఆ కాలం దానికి తిండి దొరకలేదంట.
బోరబండ గుట్టల మీద పుట్టినోణ్ణి నేను,
రాయిని పేల్చుడు చూసిన,
రాయిని చదువుడు గా రోజే చూసిన.

మంగళవారం రాత్రి భోజనాల్ల అపోలో ఫిష్.
గాలి సంగతి, వల సంగతి చెప్పనీకి
భీమిలి దిక్కు నుంచి పిలిపించిండ్రు నూకరత్నమ్మను.
ముక్క తుంచి, వాసన చూసి, పక్కకు పెట్టింది.
"సెరువు సేపకి కోటు తొడిగినారు" అన్నది.

బుధవారం.
గోదావరి ఎక్స్‌ప్రెస్‌ల ఒళ్లె పెట్టుకొని
రెండు గాజు సీసాలు తెచ్చిండు శౌరి.
చూస్తె నీళ్లే.
అండ్ల కంటికి కనపడని ప్రాణులున్నయంట,
చీకట్ల కదిలిస్తె నీలంగ మెరుస్తయంట.
అతనికిచ్చిన టైము పొద్దుగాల పదకొండు.
అందుకని ఇరవై దినాల సంది
రాత్రి లైటేసి, పగలు నల్లగుడ్డ కప్పి
వాటి పొద్దును తలకిందులు చేసిండు.
మంత్రి గారు లేటు.
వచ్చినంక శాలువలు. శాలువల తరువాత ఫోటోలు.
పదకొండు పోయి మాపటికి ఏడాయె.

"ఆర్పన్నా" అన్నడు.
ఆర్పిన.
నూటయాభై మంది ఊపిరి బిగవట్టిండ్రు.
సీసా ఊపిండు. ఏం లేదు.
ఇంకోపారి. ఏం లేదు.
ఎవరి జేబులనో ఫోను మెరిసింది, అంతే.
చీకట్లకెల్లి పిల్లగాని గొంతు సన్నగ ఒచ్చింది:
"సారీ అండి. వాటికిప్పుడు పగలు."

కుర్చీలు జరిగినయి, ఎవరో నవ్విండ్రు.
నూకరత్నమ్మ లేవలే.
"అమాస రేతిరి వల లాగితే
మోసేతుల దాకా ఎలుగు కారతాది బాబూ,
నాను సూసినాను, నీది అబద్దం కాదు.
నువ్వు ఆటికి రేతిరి నేర్పినావు.
మంత్రికెవులు నేర్పుతారు?"

రైలు టైమాయె. పోతపోత శౌరి
ఒక సీసా నా చేతిల పెట్టిండు.
"రాత్రంతా దీని మీద బల్బు ఉంచన్నా,
పొద్దున్నే గుడ్డ కప్పు."

బేస్తవారం తిమింగలాన్ని మడతవెట్టి
ఆటోల ఏసుకపోయిండ్రు.
పదకొండు అయితుంది. బైట ఎండ మండుతుంది.
హాలు ఊడ్వవచ్చిన పోశవ్వను పిలిచి
తలుపేసి, ఇద్దరం ఒక్క గుడ్డ కింద తలలు పెట్టినం.
సీసాను ఏలుతోని తట్టిన.

సిమ్ముల పెట్టిన గ్యాసు మంట అంత నీలం.
ఒక్క గీత లేచి, నీళ్ల నడుమ ఇరిగి, పోయింది.
"ఇదేంది కొడుకా?"
"సముద్రమంట."
పోశవ్వ ఏమనలే. చీపురు కింద పెట్టి
తన ఏలుతోని తట్టింది.

పన్నెండేళ్లు జీడిమెట్ల ఫ్యాక్టరీల
నైట్ డ్యూటీ చేసినోణ్ణి.
కిటికీలకు పేపర్లు అంటించుకొని పండేటోణ్ణి.

శౌరికి ఫోన్ కొట్టిన.
జర సేపు మాట్లాడలే.
"ఇంకోపారి ఊపాల్నా?" అన్న.
"వద్దన్నా, అలిసిపోతాయి. కప్పెయ్యి."

కప్పిన.